పెరటికి వచ్చే బెరుకు పిట్టలు: గుంటూరు, ప్రకాశం మైదానాలు

కృష్ణానదికి దక్షిణాన, నల్లమల నుంచి సముద్రం దాకా పరుచుకున్న పత్తి, మిరప నేలల్లో కొన్ని పక్షులు మనిషికి బాగా మచ్చికైనవి. కాకి, గోరింక, ఊరపిచ్చుక, పావురం మెతుకుల కోసం వాకిట్లోకే వస్తాయి. తలుపు కిర్రుమంటే చాలు, పొదలో దూరి మళ్లీ కనబడనివి మరికొన్ని. పొద పిగిలి, జెముడుకాకి, కుట్టుపిట్ట, నల్లంచి, వంగపండు, తోకపిగిలి, పొన్నంకి పిట్ట ఈ రెండో కోవలోవి. చెట్టూ చేమా ఉన్న పెరటికి ఏడాదిలో ఏదో ఒక నెలలో వీటిలో కొన్నయినా వస్తాయి. వచ్చి వెళ్లిన సంగతి ఇంటివాళ్లకు తెలియకపోవడమే ఎక్కువ.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక ఈ నేల పలు జిల్లాలకు పంపకమైంది. ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అన్నచోటల్లా పాత జిల్లాలనే అనుకోవాలి.

నేల, పైరు, పెరడు

నరసరావుపేట, చిలకలూరిపేట, ప్రత్తిపాడు, మార్టూరు, పర్చూరు, అద్దంకి చుట్టుపక్కలంతా నల్లరేగడి. వానకు కాలు దిగబడుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీరు అందేదాకా ఇక్కడ ఎక్కువ భాగం మెట్ట సేద్యమే. జొన్న, వరిగ, కంది, పెసర, పొగాకు, దేశవాళీ పత్తి పండేవి. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు చేలో మంచె వేసి, పొద్దు పొడవకముందే ఎక్కి, వడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలేవారు. గువ్వలు, జీనువాయిలు, చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి గుంపులుగా దిగే గులాబీ రంగు గోరింకలు ఆ కంకుల మీద పడేవి. ఈ గోరింకలకే పాలిసలని పాత పేరు. జొన్న చాలావరకు పోయి పత్తి, మిరప వచ్చాయి. మంచెలూ వడిసెలలూ పోయాయి. గింజ తినే పిట్టకు పత్తి చేలో తినడానికేమీ లేదు.

అంతకంటే పెద్ద మార్పు గట్ల మీద జరిగింది. తుమ్మ, ఈత, రేగు, బలుసు పొదలతో నిండిన గట్టు ఒకప్పుడు చేనుకూ చేనుకూ మధ్య పిట్టల దారి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమనీ, నీడకు పైరు ఎదగదనీ వాటిని కొట్టేశారు. ప్రకాశం వైపు చాలా పొలాలు జామాయిల్, సుబాబుల్ తోటలయ్యాయి. జామాయిల్ కింద పొద సరిగ్గా పెరగదు, రాలిన ఆకులో పురుగూ తక్కువే. పొదల్లో బతికే పక్షికి ఇప్పుడు మిగిలినవి కాలువ కట్టల మీది సర్కారు తుమ్మ, చెరువు గట్లు, శ్మశానాల చుట్టూ పెరిగిన కంప, ఇళ్ల పెరళ్లు.

పెరడంటే పూలకుండీల వరస అనుకోకూడదు. బావి గట్టు, పక్కన నీళ్ల గోలెం, అంట్లు తోమిన నీరు పారే అరటి పాదు, పందిరెక్కిన దొండ, నిమ్మ, జామ, కరివేపాకు, గోరింట, మల్లెపొద, మునగ, మూలన వేప, గోడవారగా ఊడ్చి పోసిన ఆకుల కుప్ప, ఆ పక్కన వామి. ఇందులో పిట్టకు పనికిరానిది ఒక్కటీ లేదు. కరివేపాకు చెట్టు నల్లపండ్లను కోకిలలూ పిగిలిపిట్టలూ తింటాయి. మునగ పూలకు తేనెపిట్టలు వస్తాయి. గోరింట గుబురులో జీనువాయిలు గడ్డితో బంతి గూళ్లు అల్లుతాయి. అరటి పాదు తడిలో వానపాములు, ఆకుల కుప్ప కింద చెదలు, జెర్రులు, నత్తలు ఉంటాయి. ఆ పెరటి నేలంతా సిమెంటు చేసి, గోడ వారన నాలుగు క్రోటన్లు పెడితే గోరింక వస్తుంది గాని పొద పిగిలి రాదు. గుంటూరు పేటల్లోనూ ఒంగోలు కొత్త కాలనీల్లోనూ ఇప్పుడు జరుగుతున్నది ఇదే. ఈ ప్రాంతపు బెరుకు పిట్టలకు పురుగుమందుల తర్వాత పెద్ద నష్టం మనం శుభ్రమనుకునే ఈ ఖాళీతనం వల్లనే వస్తోందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బెరుకు

పక్షి బెరుకుకు ఒక లెక్క ఉంది. మనిషి ఎంత దగ్గరికి వస్తే ఎగరాలన్నది ప్రతి జాతికీ, ఒక్కోసారి ప్రతి పక్షికీ వేరుగా ఉంటుంది. తొందరపడి ఎగిరితే తిండి పోతుంది, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. ఆ రెంటి మధ్య అది తూచుకున్న దూరమే మనకు బెరుకుగా కనబడుతుంది. నిటారుగా నిలబడ్డ మనిషికంటే కూర్చున్న మనిషికి, తిన్నగా మీదికి నడిచేవాడికంటే పక్కగా దాటిపోయేవాడికి ఆ దూరం తగ్గుతుంది. రోజూ అదే వేళకు అదే పని చేసే మనిషి దగ్గర ఇంకా తగ్గుతుంది. అందుకే పెరట్లో పక్షుల సంగతి బాగా తెలిసేది వంటింట్లోనూ గోలెం దగ్గరా పనిచేసే ఆడవాళ్లకే. వాళ్ల రాకపోకలు పిట్టలకు అలవాటైపోతాయి.

బెరుకు పక్షుల్లో రెండు రకాలు కనిపిస్తాయి. కౌజులాంటివి దూరం నుంచే చూసి జారుకుంటాయి. ఆరుబయట తిరిగే పక్షులవి, వేటకు గురైనవి, వాటికి మనిషంటే అనుమానం ఎక్కువ. కంపల్లో తిరిగే కంపజిట్ట, పొద పిగిలి లాంటివి నాలుగు అడుగుల దూరంలోనే ఉంటాయి గాని ఆకుల చాటు వదలవు. వీటికి భయం కంటే చాటు అలవాటు. మనం వెనక్కి జరిగినా బయటికి రావు. వీటిని ముందు చెవితోనే పట్టుకోవాలి.

ఏడాదంతా ఉండేవి

పొద పిగిలి ఈ మైదానాలకు తగిన పక్షి. ఇది దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ఎండు పొదలు, కంపలు, పాత పెరళ్లు దీని నివాసం. నెత్తి మీద నల్ల కుచ్చు, తోక కింద ఎర్ర మచ్చ ఉండి కరెంటు తీగ మీద కూర్చునే మామూలు పిగిలిపిట్టకు ఇది దగ్గరి చుట్టం. కానీ అంత ఆర్భాటం లేదు. మాసిన ఆకుపచ్చ, గోధుమ కలిసిన ఒళ్లు, కంటిపై తెల్లని కనుబొమ గీత, తోక మొదట కొంచెం పసుపు. పొద లోపలి నుంచి ఉన్నట్టుండి గడబిడగా, పొంగి పొర్లినట్టు ఒక కూత వినబడుతుంది. రెండు మూడు క్షణాలు, అంతే. కూత వచ్చిన చోట పిట్ట కనబడదు, ఎందుకంటే కూస్తూనే అది పొద అడుగున పక్కకు జరుగుతుంది. బలుసు, రేగు, కరివేపాకు పండ్లు దానికిష్టం. గూడు నడుమెత్తు పొదలో కట్టుకుంటుంది. పెరట్లో దీని కూత వినబడితే ఆ పెరటి పొదలు ఇంకా చిక్కగానే ఉన్నట్టు లెక్క.

కుట్టుపిట్ట అరచేతిలో పట్టేంతది. ఎర్రటి నుదురు, ఆకుపచ్చ వీపు, నిక్కబొడుచుకున్న తోక. దాని గొంతు మాత్రం ఇంటింటా వినబడుతుంది. గూడు కట్టే పని దగ్గర నుంచి చూడదగ్గది. వంగ, మందారం, నిమ్మ, బాదం, ఏదైనా సరే, పచ్చిగా ఉన్న వెడల్పాటి ఆకును ఎంచుకుంటుంది. చిన్న ఆకులైతే రెండు మూడు దగ్గరికి లాగుతుంది. ముక్కుతో అంచు వెంట సన్నని బెజ్జాలు పొడుస్తుంది. సాలెపట్టునో దూది పోగునో ఒక బెజ్జంలోంచి దూర్చి, ఎదుటి అంచు బెజ్జంలోంచి బయటికి లాగుతుంది. బయటికి వచ్చిన కొస చిట్లి చొక్కా గుండీలా బెజ్జానికి అడ్డం పడుతుంది, జారిపోదు. ముడి వేయదు, వేయాల్సిన పని లేదు. ఇలా ఆకు దొప్పగా మారాక లోపల మెత్తటిదేదైనా పరుస్తుంది. పత్తి తీతల కాలం పోయినా కంపకూ కరెంటు తీగకూ పట్టుకున్న దూది పీచు ఈ పల్లెల్లో ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఇక్కడి గూళ్లలో పత్తికి కొదవుండదు. తేనెపిట్టలు కూడా వేలాడే తమ గూటి లోపల ఇదే దూది పరుస్తాయి. ఆకు ఎండకుండా, రంగు మారకుండా కొమ్మకే ఉంటుంది గనుక పక్కనే నిలబడి నీళ్లు పోసేవారికి కూడా గూడు కనబడదు. తెలియక ఆకు తుంచినప్పుడే బయటపడుతుంది.

జెముడుకాకి పెద్ద పక్షి. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. ఎగరడం కంటే కంప కింద నడవడమే దానికి ఇష్టం. తెల్లవారుజామున ఊప్, ఊప్ అంటూ దీని కూత గొంతు లోతు నుంచి వస్తుంది. ఒకటి కూస్తే మరో పెరటి నుంచి ఇంకొకటి అందుకుంటుంది. కోకిల కుటుంబానికే చెందినా కోకిలలా పరాయి గూట్లో గుడ్లు పెట్టదు, తన గూడు తానే కట్టుకుని పిల్లల్ని పెంచుతుంది. నత్తలు, తొండలు, గొంగళ్లతో పాటు ఇతర పిట్టల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. పిగిలిపిట్టలు దీన్ని చూడగానే గోల చేసేది అందుకే. దీని గూట్లో సంజీవని పుల్ల దొరుకుతుందని కొన్ని పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట నమ్మి గూళ్లు పీకినవాళ్లూ ఉన్నారు. గూట్లో ఉండేది ఎండు పుల్లలూ ఆకులూ మాత్రమే.

ఆడ కోకిలను చూసినవాళ్లు తక్కువ. మగది నల్లనిది, వేసవి అంతా గొంతెత్తి కూస్తుంది. ఆడది గోధుమ రంగు మీద తెల్లచుక్కలతో ఆకుల్లో కలిసిపోయి, కాకి గూటి మీద కన్నేసి కదలకుండా కూర్చుంటుంది. నల్లంచి రాతి గోడల మీద, పెద్ద నల్లంచి నీడ ఉన్న పెరళ్లలో తిరుగుతాయి. పెద్ద నల్లంచి మగది మార్చి నుంచి జూన్ దాకా తెలవారకముందే పాడుతుంది, మిగతా నెలల్లో దాదాపు మౌనం. కూకుడు గువ్వ, కంసాలి పిట్ట, చింతచెట్టు తొర్రలోని చిన్న గుడ్లగూబ కూడా పాత పెరళ్లలో కనబడతాయి. ఊరి చివరి ఇళ్లకు తెల్లవారుజామున కౌజులు జంటగా వస్తాయి.

వలస వచ్చేవి

ఆగస్టు చివరి నుంచి ఒక రకం మట్టిరంగు చిన్న పిట్ట కంచెల్లో చేరుతుంది. బరువు పది పన్నెండు గ్రాములు. శాస్త్రజ్ఞులు దీనికి పక్షి శాస్త్రవేత్త బ్లైత్ పేరు పెట్టారు. కంపల్లో తిరిగే ఇలాంటి పిట్టలకు కంపజిట్ట అన్న తెలుగు పేరు ఉంది. ఫిన్లాండ్ నుంచి మధ్య ఆసియా దాకా గూళ్లు కట్టి, చలికాలానికి దాదాపు మొత్తంగా భారత ఉపఖండానికి దిగుతుంది. చూడటానికి దానిలో విశేషమేమీ లేదు, అందుకే దాన్ని గుర్తించేవాళ్లూ లేరు. గోరింట కంచెలో నుంచి చెక్, చెక్ అని తెంపు తెంపుగా ఒక శబ్దం వస్తూ ఉంటే అది ఈ పిట్టే. అదే కంచెలో ఏప్రిల్ దాకా ఉండి, ఒకరోజు వెళ్లిపోతుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షి ఆరు నెలలకు పైగా మన దొండపాదులో పురుగులేరుకుంటూ బతుకుతుందన్న సంగతి ప్రతి బడిపిల్లవాడికీ చెప్పదగ్గది.

పొన్నంకి పిట్ట రాక వేరు. హిమాలయ పాదాల అడవుల్లోనూ మధ్య భారతంలోనూ గూళ్లు కట్టి, ఈశాన్య రుతుపవనాల వేళకు దక్షిణానికీ శ్రీలంకకూ పోతుంది. రాత్రిపూట ప్రయాణం. దారిలో అలసిపోయి ఊళ్లలో, దీపాలున్న ఇళ్లలో, వరండాల్లో వాలిన సంగతులు దేశమంతటా నమోదయ్యాయి. కార్తీకంలో తుఫాను ముసురు పట్టినప్పుడు కోస్తా పెరళ్లలో ఇది దిగే అవకాశం ఉంది. పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, లేత గోధుమ రొమ్ము, తోక కింద ఎర్ర రంగు, కళ్ల మీదుగా నల్లటి పట్టీ. ఇన్ని రంగులుండీ నేల మీద ఆకుల్లో ఉన్నప్పుడు కనబడదు. రెండు గెంతులు వేసి ఆగుతుంది, ముక్కుతో ఒక ఆకును పక్కకు విసురుతుంది, తల వంచి చూస్తుంది, మళ్లీ గెంతుతుంది. పొద్దున్నే, మళ్లీ మసక చీకట్లో, రెండు స్వరాల ఈల వేస్తుంది. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వీయో ఈ జాతి పక్షులకు పిట్ట అనే శాస్త్రీయ నామం పెట్టాడు. అది మన తెలుగు మాటే. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న ఈ కుటుంబం పక్షులన్నిటికీ ఇప్పుడు ఆ పేరే. ఇల్లు చేరిన పొన్నంకి పిట్టను పంజరంలో పెట్టకూడదు, పాలో అన్నమో పట్టకూడదు. గాలాడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి, కాస్త తేరుకున్నాక చెట్ల నీడన వదిలితే దాని దారిన అది పోతుంది.

తోకపిగిలి మగది తెల్లని ఒళ్లు, నల్లని తల, ఒంటికి రెండింతల పొడవు రిబ్బను తోకతో చలికాలం పెరళ్లకు వస్తుంది. వయసులో చిన్న మగవి, ఆడవి ఇటుక రంగులో ఉంటాయి. కొమ్మల కింద ఎగురుతూ దోమల్ని పట్టుకుంటుంది, సాయంత్రం గోలెంలోకి ఒక్క మునక వేసి కొమ్మ మీద తడి దులుపుకుంటుంది. వంగపండు పసుపుపచ్చని పక్షి. రావి, మర్రి, వేప తలల్లోనే ఉంటుంది. వేణువు లాంటి దాని గొంతు విన్నాక కూడా చాలాసేపు వెతకాలి. తొలకరికి వచ్చేది చాతకం. నలుపు తెలుపు ఒళ్లు, తలపై కుచ్చు. మట్టిరంగు ఒళ్లుతో ఆరేడు కలిసి నేల మీద తిరిగే సిదల గూళ్లలో ఇది గుడ్లు పెడుతుంది.

మిరపా పక్షులూ

మిరప పండే నేలలో పక్షుల గురించి రాస్తూ కారం సంగతి వదలడం కుదరదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసుల ఓడల్లో పదహారో శతాబ్దంలో మన దేశం చేరింది. కాయకు కారమిచ్చే కాప్సైసిన్ మన నాలుకమీది ఒక నాడీ గ్రాహకాన్ని రేపి మంట పుట్టిస్తుంది. ఎలుక, ఉడుత, పశువు, మనిషి, పాలిచ్చే జంతువులు దాదాపు అన్నిటికీ ఆ మంట ఉంది. పక్షుల్లోని అదే గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదని 2002లో కోడి మీద చేసిన పరిశోధనలో తేలింది. ఆ పరిశోధకుల్లో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు వేడి, స్పర్శల గ్రాహకాల మీద చేసిన కృషికి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందే 2001లో అమెరికాలోని అరిజోనా అడవి మిరప మీద జరిగిన అధ్యయనం దీని వెనకున్న కారణం చూపింది. ఎలుకలు నమిలితే గింజ మొలవదు. పక్షి మింగిన గింజ రెట్టతో బయటపడి మొలుస్తుంది. కారం ఎలుకలను ఆపి, పక్షులను రానిస్తుంది.

ఈ సంగతి పెరట్లోనే కనబడుతుంది. ఎవరూ నాటని సన్నమిరప మొక్క వేపచెట్టు కిందో, దండెం తీగ కిందో, పిట్టలు వాలే చోట మొలిచి ఉంటుంది. చిలుక గింజను కొరికి తింటుంది కాబట్టి ఆ విత్తనాన్ని నాటింది దాదాపుగా పిగిలిపిట్టే. చేలో పండిన కాయను రామచిలుకలు గుంపుగా పడి కొరికేసినప్పుడు రైతుకు కష్టమే. కారమని అవి ఆగవు.

చేలో మందు, పెరట్లో పిట్ట

పత్తి ఈ రెండు జిల్లాల పక్షులకు చేసిన కీడులో మందుదే పెద్ద భాగం. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు గుంటూరు, ప్రకాశం పత్తిని ఊడ్చేశాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పుల్లో మునిగిన రైతుల ఆత్మహత్యలు ఆ ఏడే రాష్ట్రం దృష్టికి వచ్చాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలుచు పురుగుల మందులు కొన్నేళ్లు తగ్గాయి, రసం పీల్చే పురుగులకు కొట్టేవి తగ్గలేదు. 2021-22లో మిరప పూలలో నల్ల తామర పురుగు కొత్తగా విరుచుకుపడ్డప్పుడు గుంటూరు రైతు మళ్లీ పంపు భుజానికెత్తుకున్నాడు.

ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకూడదని 2005లోనే ఆంక్ష పెట్టారు గాని, పత్తి మీద ఆ తర్వాత కూడా విరివిగా వాడారు. మోనోక్రోటోఫాస్ రకం మందులు నరాల పనిని నియంత్రించే ఎంజైమును అడ్డుకుంటాయి, పక్షులకు ఆ దెబ్బ మరీ ఎక్కువ. 1995-96లో అర్జెంటీనా పొలాల్లో మిడతల మీద మోనోక్రోటోఫాస్ కొడితే, ఆ మిడతలను తిన్న వలస డేగలు వేల సంఖ్యలో నేల రాలాయి. మన దగ్గర ఇదే చిన్న మోతాదుల్లో, ఎవరూ లెక్కపెట్టకుండా జరిగే పని. మందు తిని సోలిన గొంగళి పట్టుకోవడానికి సులువు. పిల్లలున్న నల్లంచి దాన్నే ఏరుకుని పెరటి గూటికి తెస్తుంది.

పత్తి చేలో కర్రలు పాతి పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ శాఖా, 1922లో మొదలైన లాం పరిశోధనా క్షేత్రమూ సమగ్ర సస్యరక్షణలో భాగంగా చెబుతూనే ఉన్నాయి. ఏట్రింతలు, గోరింకలు వాటి మీద వాలి పురుగుల్ని పడతాయి. మంచి సలహా. కానీ ఆ పక్షులకు గూడు పెట్టుకోను చెట్టు, దాహానికి నీళ్లు చేను పక్కన లేకపోతే ఖాళీ కర్రలే మిగులుతాయి. ఆ చెట్టూ నీళ్లూ ఉన్నది పెరట్లోనే.

పెరటి వరకు పాటించదగ్గవి తేలికైనవే. స్ప్రే పంపును బావి దగ్గర, గోలెం పక్కన కడగకూడదు. మందు పట్టించి రంగు వేసిన విత్తనాల సంచులను పెరట్లో దులపకూడదు. తామర పురుగుకూ తెల్లదోమకూ పెట్టే నీలం, పసుపు జిగురు అట్టలకు కుట్టుపిట్ట, తేనెపిట్ట లాంటి చిన్నవి అంటుకుని చస్తాయి. పెరటి కూరపాదులకు అవి పెట్టకపోవడమే మంచిది, పెడితే చుట్టూ పెద్ద కళ్ల జాలీ చుట్టాలి.

చూడటం

పొద్దు పొడిచిన గంట, పొద్దు వాలే ముందు గంట పక్షులకు రద్దీ వేళలు. పల్నాడు మూలన ఉన్న రెంటచింతల వేసవి వేడికి రాష్ట్రమంతటా పేరుమోసింది. ఆ చుట్టుపక్కల మేలో మధ్యాహ్నం కూడా పిట్టలు నీళ్లకు వస్తాయి. చూసేవారు కిటికీ లోపల, వెలుతురు తక్కువున్న గదిలో కూర్చుంటే చాలు. బయట కూర్చుంటే గోడకు వీపు ఆనించి, నులక మంచం మీదో పీట మీదో, ప్రతిరోజూ ఒకేచోట కూర్చోవాలి. వేలు చూపడం, ఉన్నట్టుండి ఫోను పైకెత్తడం పిట్టల్ని లేపుతాయి.

గింజలు చల్లితే పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు చేరతాయి. సంక్రాంతికి చూరుకు వరి కంకుల కుచ్చు కట్టే కోస్తా ఆచారం పిచ్చుకలకు ఎంతో మేలు చేసింది. కానీ బెరుకు పిట్టల్లో ఎక్కువ పురుగులూ పండ్లూ తినేవి, గింజకు రావు. వాటిని రప్పించేది నీళ్లు. రెండు మూడు వేళ్ల లోతున్న మట్టి మూకుడు, అందులో ఒక రాయి, పైన సన్న బెజ్జం పెట్టి వేలాడదీసిన నీళ్ల సీసా. బొట్టు బొట్టుగా పడే నీటి చప్పుడు పొదలోని పిట్టకు దూరం నుంచే వినబడుతుంది. మూకుడు పొదకు రెండు మూడు గజాల్లో ఉండాలి. మరీ ఆనించి పెడితే పిల్లి దాక్కుంటుంది, మరీ దూరం పెడితే పిట్ట రాదు. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమ గుడ్లు పెడుతుంది.

వేసవి మూకుడు దగ్గర ఒక వరస ఉంటుంది. ముందు సిదల గుంపు గోలగోలగా దిగి, నీళ్లు చిందించి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అవి భయపడకపోతే మామూలు పిగిలి వస్తుంది, తర్వాత పెద్ద నల్లంచి తోక ఆడిస్తూ అంచు మీద నిలబడుతుంది. అందరూ పోయాక, పొద కింది కొమ్మ ఒకటి కదులుతుంది. పొద పిగిలి ఒక అడుగు బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పోయి, మూడోసారికి గాని నీటి దాకా రాదు. ముక్కు ముంచి, తలెత్తి మింగి, ఇటూ అటూ చూసి, ఇంకోసారి ముంచుతుంది. ఉడుత కిచకిచమని తోక కొట్టుకుంటూ అరిచిందంటే డేగ తిరుగుతోందన్నమాట. ఇక అరగంట దాకా ఒక్క పిట్టా దిగదు. డేగ తన కడుపు కోసం వచ్చింది, దాన్ని తోలకూడదు. పెంపుడు పిల్లి సంగతి వేరు. కడుపు నిండినా చంపుతుంది. గూళ్ల కాలంలో తెల్లవారుజామునా సాయంత్రమూ దాన్ని ఇంట్లో ఉంచగలిగితే చాలా పిల్లలు బతుకుతాయి.

ఫోనులో కూత వినిపించి పిట్టను బయటికి రప్పించే పద్ధతి ఈ మధ్య బాగా పెరిగింది. గూళ్ల కాలంలో అది చేయకూడదు. తన జాగాలోకి మరో మగది వచ్చిందనుకుని పక్షి గూడు వదిలి వెతుక్కుంటుంది.

పేర్లు, చట్టం, లెక్కలు

ఈ పక్షుల తెలుగు పేర్లు చాలావరకు కాగితం మీదికి ఎక్కింది టి.సి. జెర్డన్ వల్ల. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో వైద్యుడాయన, 1840లలో నెల్లూరులో ఉన్నాడు. అప్పటికి ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాకనే అందులో చేరింది. ఆయన 1862-64లో అచ్చువేసిన భారతదేశ పక్షుల గ్రంథంలో జాతి తర్వాత జాతికి తెలుగు పేరు ఇచ్చాడు. ఆ పేర్లు చెప్పినవాళ్లు అడవుల్లో, చేలల్లో పిట్టలు పట్టి బతికిన మనవాళ్లు. మన బడి పుస్తకాల్లో కనబడే పక్షుల పేర్లు తక్కువే. చేలో పనిచేసే పెద్దవాళ్లతో పాటు ఆ పేర్లూ పోతున్నాయి. పొద పిగిలి అని పిలవగలిగిన పిల్లవాడు ఆ పిట్టను వెతుకుతాడు కాబట్టి ఇది చిన్న నష్టం కాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పక్షులను పట్టడం, చంపడం, గూళ్లు చెరపడం నేరం. 1990ల మొదటి నుంచి దేశీయ పక్షుల వ్యాపారం కూడా నిషిద్ధం. పంజరంలో రామచిలుకను పెంచడం దీని కిందికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అంతకు ముందు ఆ గౌరవం పాలపిట్టది. దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం కోసం పాలపిట్టలను ముందే పట్టి, రెక్కలు కట్టి చూపించి డబ్బు తీసుకోవడం చట్టరీత్యా నేరం. అలా కట్టిన పక్షులు చాలావరకు మళ్లీ ఎగరలేవు. చావుపిట్ట అని తరిమే తెల్ల గుడ్లగూబ రాత్రంతా పట్టేది మిరప గోదాముల చుట్టూ తిరిగే ఎలుకలనే.

పెరటి పక్షుల లెక్కకు ప్రపంచంలో పాత సంప్రదాయముంది. బ్రిటన్‌లో 1979 నుంచి ఏటా జనవరిలో ఇళ్ల తోటల్లో పక్షులను లెక్కిస్తున్నారు. ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషనర్‌గా పనిచేసిన మాల్కమ్ మెక్‌డొనాల్డ్ తన బంగళా తోటలో చూసిన పక్షుల మీద 1960లో ఒక పుస్తకమే ప్రచురించాడు. అమెరికాలో 1998లో మొదలైన పెరటి పక్షుల లెక్కింపు 2013లో మన దేశానికి వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది, పదిహేను నిమిషాలు చూసి రాసినా చాలు. ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టే గూడకొంగలనూ ఎర్రకాళ్ల కొంగలనూ చూడటానికి గుంటూరు నుంచి జనం వెళతారు, వాటి లెక్కలూ ఉంటాయి. పెరటి పొదలకు ఆ భాగ్యం ఇంకా రాలేదు.

లెక్క రాసుకునేవారు తేదీ, వేళ, చోటు, ఎన్ని పిట్టలు, ఏం చేస్తున్నాయి అన్నవి తప్పక రాయాలి. పేరు తెలియకపోతే ఊహించి రాయకూడదు. ముక్కు పొడవు, కంటి మీద గీత ఉందా లేదా, తోక నిక్కి ఉందా వాలి ఉందా, నేల మీద ఉందా కొమ్మ మీద ఉందా అన్నవి రాస్తే తర్వాత పోల్చుకోవచ్చు. అన్నిటికంటే పనికొచ్చేవి రాకపోకల తేదీలు. గోరింట కంచెలో మొదటి చెక్ వినబడ్డ రోజు, ఆఖరుసారి వినబడ్డ రోజు ఏటా ఒకే పెరట్లో రాసిపెడితే, చుట్టూ పైరు మారినప్పుడు, కంచె కొట్టేసినప్పుడు, ఎండలు ముదిరినప్పుడు ఆ పిట్టకేమైందో ఆ తేదీలే చెబుతాయి.